మెట్ల మీద ఉన్న పిల్లలు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "అమెరికా అనుభవాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నయాగరా గురించి, న్యూయార్క్ గురించి మన ప్రత్యేక సంచికల్లో ఇదివరకే నాకన్నా బాగా రాసినవాళ్ళున్నారు. అందుకని నేను ఒక్క ఆట గురించే చెబుతాను. అది బేస్‌బాల్. అదైనా పేరున్నవాళ్ళు ఆడింది కాదు. ఇంకా పైకి రాని కుర్రవాళ్ళు, రేపు వస్తారో రారో తెలియనివాళ్ళు ఆడిన ఆట. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పాతికేళ్ళు సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి కాబట్టి నా కళ్ళు ఆట మీద ఎంత ఉన్నాయో, ఆడేవాళ్ళ సర్వీసు మీద కూడా అంతే ఉన్నాయి. నేను చెప్పేది మన సంఘానికి సంబంధం లేనిదని మొదట అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

2022లో నేనూ, మా ఆవిడా అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. మన రాయలసీమ ఎండలు చూసినవాళ్ళకి కూడా అక్కడి వేసవి కష్టమే గాని, అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది. ఆ రెండు నెలల్లోనే అక్కడ "అరిజోనా ఫాల్ లీగు" అనే పోటీలు జరుగుతాయి. 1992లో మొదలైన లీగు అది. మొత్తం ఆరు జట్లు. అందులో ఒక జట్టు సర్‌ప్రైజ్ అనే ఊరి పేరు మీద ఉంది. ఊరికి ఆశ్చర్యం అని పేరేమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

మా మనవడికి అప్పుడు పదిహేనేళ్ళు. హైస్కూలు జట్టులో ఆడతాడు. నన్ను ఈ ఆటలకి తీసుకెళ్ళిందీ, ఓపిగ్గా నేర్పిందీ వాడే.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. క్రికెట్టు తెలిసినవాళ్ళకి అర్థం కావడానికి ఒక పూట చాలు. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి, బంతి నేలకి తగలకుండా నేరుగా విసురుతాడు. గంటకి 95 మైళ్ళంటే, మన లెక్కలో 150 కిలోమీటర్లు దాటిన వేగం. కొట్టేవాడి చేతిలో బ్యాటు గుండ్రటి దుడ్డుకర్రలా ఉంటుంది. కొట్టి, 90 అడుగుల దూరంలో ఉన్న మొదటి బేస్ దాకా పరిగెత్తాలి. అలా నాలుగు వైపులా చుట్టి, మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక రన్ను. బంతి కంచె దాటి పడితే హోం రన్ను, మన సిక్సరు లాంటిది. పదిసార్లు వెళ్ళి మూడుసార్లు సరిగ్గా కొట్టగలిగినవాణ్ణి గొప్ప ఆటగాడంటారు. ఏడుసార్లు తప్పినా గొప్పవాడనిపించుకునే ఉద్యోగం మన శాఖలో అయితే లేదు.

ఇక మెట్ల సంగతి. మనకి అటెండరు, జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు అని ఉన్నట్టే వాళ్ళకీ వరస ఉంది. అందరికన్నా పైన మేజర్ లీగు. దాని కింద ఉన్నదంతా మైనర్ లీగులు. అడుగున కొత్తవాళ్ళ లీగు, తర్వాత సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. పైన మొత్తం 30 జట్లు. ఒక్కొక్క జట్టులో 26 మంది. అంటే మొత్తం మీద శాంక్షనైన పోస్టులు 780 అన్నమాట. వాటి కోసం కింద మెట్ల మీద నిలబడ్డవాళ్ళు 5,000 మందికి పైగానే ఉంటారు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల పిల్లలు పదహారేళ్ళకే సంతకం పెట్టి వస్తారు. అమెరికా పిల్లలు హైస్కూలు అయ్యాకనో, కాలేజీలో మూడేళ్ళు ఆడాకనో ఎంపికవుతారు. చిన్న చిన్న ఊళ్ళ మధ్య రాత్రంతా బస్సు ప్రయాణాలు, మర్నాడు మళ్ళీ ఆట. ఇలా కొందరికి మూడేళ్ళు, కొందరికి ఏడెనిమిదేళ్ళు గడుస్తాయి. ఎక్కువమంది ఆ 780లోకి ఒక్క రోజు కూడా రాకుండానే ఇంటికి వెళతారు.

ఈ మెట్ల మీద ఉన్నవాళ్ళలో పైకి వస్తారనుకున్నవాళ్ళని 30 క్లబ్బులూ ఏరి, ఫాల్ లీగుకి పంపిస్తాయి. ఒక్కొక్క జట్టులో అయిదు క్లబ్బుల పిల్లలు కలిసి ఆడతారు. మైకేల్ జోర్డాన్ పేరు విననివాళ్ళుండరు. బాస్కెట్‌బాల్‌లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆయన 1994లో దాన్ని పక్కనబెట్టి బేస్‌బాల్‌కి వచ్చినప్పుడు, ఆయన్ని కూడా డబుల్ ఎ జట్టులోనే వేశారు. అక్కడ ఆయన సగటు వెయ్యికి 202. ఆ ఏడాది చివర ఇదే అరిజోనా లీగులో స్కాట్స్‌డేల్ జట్టుకి ఆడాడు. 1995 మార్చిలో తిరిగి బాస్కెట్‌బాల్‌కి వెళ్ళిపోయాడు. ఎంతటివాడికైనా ఆ మెట్లు మెట్లే.

మామూలు రోజుల్లో ఈ ఆటలకి జనం పలచగా వస్తారు. వచ్చినవాళ్ళలో సగం మంది మన వయసువాళ్ళే. తలకి టోపీ, ఒళ్ళో స్కోరు పుస్తకం, పక్కన మంచినీళ్ళ సీసా. బ్యాటరు వెనకవైపు వరసల్లో మాత్రం వేరే రకం మనుషులు కూర్చుంటారు. వాళ్ళు స్కౌట్లు, అంటే క్లబ్బుల తరఫున ఆటగాళ్ళని అంచనా వేసే ఉద్యోగులు. చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ గన్ను, స్టాప్ వాచీ. చప్పట్లు కొట్టరు, అరవరు. బంతి పడగానే తల వంచి ఏదో రాసుకుంటారు. ఏటేటా రహస్య నివేదికలు రాసిన ఆఫీసర్లు నాకు గుర్తుకొచ్చారు. తేడా ఏమిటంటే, ఇక్కడ రాసేవాడు ఎదురుగానే కూర్చుంటాడు.

ఒక బుధవారం ఆటలో ఒక పిచర్‌ని చూశాను. ఇరవై రెండేళ్ళుంటాయేమో. బంతి మంచి వేగంతోనే వస్తోంది గాని చెప్పిన చోట పడటంలేదు. వరుసగా ముగ్గురిని ఊరికే బేస్‌కి పంపేశాడు. కోచ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి బంతి తీసుకున్నాడు. ఆ కుర్రవాడు తల వంచుకుని నడిచి వెళుతుంటే నా పక్కన కూర్చున్న పెద్దాయన నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టారని అడిగాను. "ఇంత దూరం వచ్చాడు కదా" అన్నాడు. ఆయన తపాలా శాఖలో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆ తర్వాత నాలుగైదు ఆటలు మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం.

ఈ లీగు మధ్యలో ఫాల్ స్టార్స్ అని ఒక ప్రత్యేక ఆట ఉంటుంది. ఆరు జట్లలోనూ బాగా ఆడుతున్నవాళ్ళని ఏరి, రెండు జట్లు చేసి ఆడిస్తారు. ఆ సంవత్సరం అది నవంబరు 6న, ఆదివారం నాడు, మెసా అనే ఊళ్ళో స్లోన్ పార్కులో జరిగింది. ఆ స్టేడియం చికాగో కబ్స్ జట్టు వసంతకాలంలో సాధన చేసుకునే చోటు. జనం ఎక్కువ వచ్చారు. పిల్లలు కంచె పక్కన బంతులూ పెన్నులూ పట్టుకుని నిలబడ్డారు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే ఆగి సంతకాలు చేస్తున్నారు. రెండేళ్ళ తర్వాత ఆ సంతకానికి విలువ ఉంటుందో ఉండదో సంతకం చేసేవాడికీ తెలియదు, చేయించుకునేవాడికీ తెలియదు. అయినా ఇద్దరి మొహాల్లోనూ సంతోషమే.

ఆ రోజు ఉత్తమ ఆటగాడిగా హెస్టన్ కెర్‌స్టాడ్ ఎంపికయ్యాడు. అతని కథ మా మనవడు చెప్పాడు. 2020లో దేశం మొత్తం మీద రెండో స్థానంలో ఎంపికైన కుర్రవాడు. బాల్టిమోర్ క్లబ్బు తీసుకుంది. సంతకం పెట్టిన కొన్నాళ్ళకే గుండె కండరానికి వాపు ఉందని డాక్టర్లు తేల్చారు. 2020 పోయింది, 2021 కూడా పోయింది. ఒక్క ఆట ఆడలేదు. 2022 జూన్‌లో సింగిల్ ఎ మెట్టు నుంచి మొదలుపెట్టాడు. అదే ఏడాది నవంబరులో మా కళ్ళ ముందు ఆడాడు. ఆ ఏటి లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడు కూడా అతనే. 2023 సెప్టెంబరులో మేజర్ లీగులో అడుగుపెట్టాడని మా మనవడు ఫోన్ చేసి చెప్పినప్పుడు, మన ఇంట్లో కుర్రవాడికి ఆర్డరు వచ్చినంత సంతోషమైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పిల్లలకి జీతమెంత అని తపాలా పెద్దాయనని అడిగాను. ఎంపికైన రోజున మొదటి వరసలో ఉన్న కొద్దిమందికి లక్షల డాలర్లు బోనసు ఇస్తారు. పేపర్లో వచ్చేది అదే. మిగతావాళ్ళ సంగతి వేరు. ఆ ఏడాది దాకా డబుల్ ఎ ఆటగాడికి ఏడాదికి ఇచ్చే కనీస జీతం 13,800 డాలర్లు. అడుగు మెట్టు మీద ఉన్నవాడికి 4,800. అమెరికాలో ఆ డబ్బుతో అద్దె కూడా గడవదు. నలుగురైదుగురు ఒక గదిలో నేల మీద పరుపులు వేసుకుని పడుకునేవారట. ఆట లేని నెలల్లో సామాన్లు మోసేవారు, కార్లు నడిపేవారు. కనీస వేతన చట్టం వీళ్ళకి వర్తించదని 2018లో చట్టమే చేశారు. వీళ్ళు పనివాళ్ళు కారు, నేర్చుకునేవాళ్ళు అన్నది యజమానుల వాదన.

ఆ వాదన మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

పాత ఆటగాళ్ళు కొందరు కోర్టుకి వెళ్ళారు. ఎనిమిదేళ్ళు నడిచాక, 2022లో 18 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ ఏడాదే ఆటగాళ్ళకి ఇళ్ళు క్లబ్బులే ఇవ్వాలన్న ఏర్పాటు వచ్చింది. నేను ఆ స్టేడియంలో కూర్చోవడానికి రెండు నెలల ముందు, సెప్టెంబరులో, ఆ 5,000 పైచిలుకు మంది మేజర్ లీగు ఆటగాళ్ళ యూనియన్‌లోనే చేరారు. పైనున్నవాళ్ళు కిందివాళ్ళని తమలో కలుపుకున్నారు. 2023 మార్చి చివర మొదటి ఒప్పందం జరిగింది. డబుల్ ఎ జీతం 30,250 డాలర్లు అయింది. అడుగు మెట్టు జీతం 4,800 నుంచి 19,800 అయింది. నేను చూసిన ఆ పిల్లలు, అంటే, పాత జీతాల మీద ఆడిన చివరి ఏటివాళ్ళు.

పెన్షన్ సంగతి అడగకుండా నేను ఊరుకుంటానా? మేజర్ లీగులో 43 రోజులు జట్టులో ఉంటే చాలు, పెన్షన్‌కి అర్హత వస్తుంది. తక్కువ సర్వీసుకి తక్కువ పెన్షనే అనుకోండి. పదేళ్ళయితే పూర్తి పెన్షన్. మనకి పదేళ్ళుంటే గాని అర్హతే రాదు, పూర్తి పెన్షన్‌కి ముప్ఫై మూడేళ్ళు. ఈ 43 రోజుల మాట వినగానే నాకు ఈర్ష్య కలిగిన మాట నిజం. కాని ఆ నియమం 1980లో వచ్చింది. అంతకుముందు నాలుగేళ్ళు ఉండాలనేవారు. 1947 నుంచి 1979 దాకా ఆడి, నాలుగేళ్ళు నిండనివాళ్ళకి ఏమీ లేదు. మూడేళ్ళ పదకొండు నెలలు ఆడినా ఏమీ లేదు. చివరికి 2011లో వాళ్ళకి ఏటా కొంత మొత్తం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అప్పట్లో ఎంత ఎక్కువైనా ఏటికి 10,000 డాలర్లే. అది కూడా ఆటగాడు పోయిన రోజుతో ఆగిపోతుంది, భార్యకి రాదు. మన ఫ్యామిలీ పెన్షన్ విలువ ఏమిటో ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మిత్రులారా, ఆ మూడేళ్ళ పదకొండు నెలల మనిషి మనకి కొత్తవాడు కాడు. మన శాఖలో కాలవల మీద లస్కర్లుగా, ఎన్.ఎం.ఆర్. కూలీలుగా పదేసి పదిహేనేసి ఏళ్ళు పనిచేసినవాళ్ళు ఎంతమంది! 1994 ఏప్రిల్‌లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి వరసగా అయిదేళ్ళు నిండినవాళ్ళని క్రమబద్ధం చేయవచ్చన్నారు. అప్పుడు మస్టర్ రోళ్ళ కోసం జరిగిన వెతుకులాట నేను కళ్ళారా చూశాను. ఒక ఆఫీసులో పాత మస్టర్లు చెదలు తినేశాయి. ఆ కాగితం లేక, ఆరేళ్ళు గట్టు మీద కాపలా కాసిన మనిషికి నాలుగేళ్ళే తేలాయి. అతని పేరు జాబితాలోకి రాలేదు. అతను పనిచేశాడని మా అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన సర్వీసు రిజిస్టరులో ఎక్కదు కదా! జాబితాలోకి వచ్చినవాళ్ళకైనా, క్రమబద్ధం కాకముందు చేసిన ఏళ్ళు పెన్షన్ లెక్కలోకి రాక, రిటైరైన నాడు బిక్కమొహం వేసినవాళ్ళున్నారు. మెట్ల మీద గడిచిన కాలం కూడా పనిచేసిన కాలమేనని ఒప్పించడానికి అక్కడైనా ఇక్కడైనా ఏళ్ళు పట్టింది.

మనదేశం పిల్లలెవరైనా ఈ మెట్లెక్కారా అని మీకు అనుమానం రావచ్చు. ఎక్కారు. ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఇద్దరు. ఈటె విసిరే కుర్రవాళ్ళు. అంతకుముందు బేస్‌బాల్ బంతి పట్టి ఎరగరు. 2008లో మనదేశంలో జరిగిన ఒక విసురుడు పోటీలో నెగ్గి, అమెరికా వెళ్ళి, ఆ ఏడాది నవంబరులోనే పిట్స్‌బర్గ్ క్లబ్బులో చేరారు. 2009లో మైనర్ లీగులో ఆడారు. దినేశ్ తొందరగానే తిరిగి వచ్చేశాడు. రింకూ మరికొన్నేళ్ళు పట్టుబట్టాడు గాని గాయాలు అడ్డం వచ్చాయి. ఇద్దరూ మేజర్ లీగుకి చేరలేదు. వాళ్ళ మీద 2014లో సినిమా కూడా వచ్చింది. మరొకడు కుమార్ రాకర్. తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి భారతీయ కుటుంబం నుంచి వచ్చినావిడ. కాలేజీలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. 2021లో ఒక క్లబ్బు ఎంపిక చేసి, వైద్య పరీక్ష తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. మరుసటి ఏడు టెక్సాస్ క్లబ్బు తీసుకుంది. నేనున్న ఆ 2022 శరత్తులోనే అతను సర్‌ప్రైజ్ జట్టులో ఆడాడు. 2023లో మోచేతికి ఆపరేషన్ అయింది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగులో మొదటి బంతి వేశాడు. ముగ్గురిలో ఒకడు చేరాడు. ముగ్గురూ కష్టపడ్డారు.

ఫాల్ స్టార్స్ ఆట ముగిశాక ఇంటికి వచ్చాం. మనవడు నిద్రపోయాక మా అమ్మాయి నా దగ్గర కూర్చుంది. "నాన్నా, వాడు ఇదే నా బతుకంటున్నాడు. మీ మాట వింటాడు. మీరైనా చెప్పండి" అంది. అల్లుడుగారు ఏమీ అనలేదు గాని, ఆయన మనసులోదీ అదేనని తెలుస్తూనే ఉంది.

ఆటొద్దని నేను వాడికి చెప్పలేదు. పైకి వస్తావని ఆశా పెట్టలేదు. మర్నాడు ఇద్దరం నడకకి వెళ్ళినప్పుడు ఆ 780 పోస్టుల లెక్క మరోసారి వాడి చేతే చెప్పించాను. "నీకు తెలిసినదే కదా. ఆ లెక్క తెలిసి కూడా ఆడతానంటే ఆడు. కాని ఏ మెట్టెక్కినా ఒక ప్రశ్న అడుగు. ఈ మెట్టు మీద నేను గడిపే రోజులకి కూలెంత? ఇక్కడినుంచి దిగితే నా చేతిలో ఏముంటుంది?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "కాలేజీకి వెళితే ఆటా ఉంటుంది, చదువూ ఉంటుంది తాతయ్యా" అన్నాడు. ఆ మాటే వాళ్ళమ్మకి చెప్పమన్నాను. 2025లో కాలేజీలో చేరాడు. కీళ్ళు, కండరాలకి సంబంధించిన చదువేదో చదువుతున్నాడు. బంతి మాత్రం వదల్లేదు.

ఆ లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతి జో బ్లాక్ అనే ఆయన పేరు మీద ఉంది. ఆయన 1952లో బ్రూక్లిన్ జట్టు తరఫున ఆడి, వరల్డ్ సిరీస్ ఆట గెలిచిన మొదటి నల్లజాతి పిచర్ అయ్యాడు. మేజర్ లీగులో ఆయన ఆట ఆరేళ్ళలో ముగిసింది. తర్వాత బడిలో పాఠాలు చెప్పాడు. గ్రేహౌండ్ బస్సు కంపెనీలో చేరి వైస్ ప్రెసిడెంటు దాకా ఎదిగాడు. ఫీనిక్స్‌లోనే స్థిరపడి 2002లో పోయాడు. కుర్ర ఆటగాళ్ళకి ఆట తర్వాత బతుకు గురించి సలహాలు చెప్పడం ఆయనకి ఇష్టమైన పని. బహుమతికి పేరు వెతికేటప్పుడు ఎన్ని వందల హోం రన్నులు కొట్టినవాళ్ళు లేరు? ఈయన పేరు పెట్టారు. అది నాకు నచ్చింది.

ఆ పని మనమూ చేయవచ్చు. మనం వదిలి వచ్చిన ఆఫీసుల్లో ఇప్పుడు మన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది అవుట్‌సోర్సింగ్ పిల్లలు, కాంట్రాక్టు పిల్లలు. మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది దగ్గర నియామకపు కాగితం నకలు ఉంది? ఎంతమంది పి.ఎఫ్. ఖాతాలో నెలనెలా డబ్బు పడుతోందో లేదో చూసుకుంటున్నారు? కంపెనీ మారినప్పుడు పాత ఖాతా కొత్తదాంట్లో కలుపుకున్నారా? రేపు ఏ జీవో వచ్చినా మొదట అడిగేది ఆ కాగితమే. 1994లో చెదలు తినేసిన మస్టర్లు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి.

అందుకని కార్యవర్గానికి ఒక మనవి. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున రెండు గంటలపాటు మన సంఘం గది తెరిచి ఉంచుదాం. సర్వీసు రూల్సు తెలిసినవాళ్ళం నలుగురైదుగురం కూర్చుందాం. ఏ శాఖ పిల్లలైనా, ఎవరి పిల్లలైనా వచ్చి కాగితాలు చూపించుకోవచ్చు. వాళ్ళ తేదీలు ఒక పుస్తకంలో రాసి, నకలు వాళ్ళ చేతికిద్దాం. మొదటి ఆదివారం కూర్చోవడానికి నా పేరు రాసుకోండి. చెయ్యి కొంచెం వణుకుతోంది గాని, అక్షరం ఇంకా తెలుస్తూనే ఉంది.